కొండ వాలుకు 24 హెచ్.పి. ట్రాక్టరు: మా మహీంద్రా జీవో 245 పనితనం

పాడేరు దగ్గర మా భూమిలో చదునుగా ఉన్నది కళ్ళం ఒక్కటే. కింద గెడ్డ (వాగు) పక్కన మెట్లు మెట్లుగా వరి మడులు, వాటి పైన పసుపు, రాజ్మా వేసే గరువు (మెట్ట నేల), ఇంకా పైకి వెళితే సిల్వర్ ఓక్ నీడలో కాఫీ. ఇలాంటి నేలకు ట్రాక్టరు కొందామని ఏ షోరూముకు వెళ్ళినా ముందు అడిగేది "ఎన్ని ఎకరాలండీ?" అనే. కొండ మీద ఎకరాల లెక్కతో పని జరగదు. దారిలో ఇరుకు చోటు ఎంత వెడల్పుంది, వాలు ఎంతుంది, మడి చివర బండి తిప్పుకోవడానికి జాగా ఉందా, ఇవి చూసుకోవాలి. మేం అవి చూసుకునే మహీంద్రా జీవో 245 తీసుకున్నాం. 24 హెచ్.పి., రెండు సిలిండర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. మా నేలకు అచ్చంగా సరిపోయింది.

అంతకుముందు నర్సీపట్నం వైపు నుంచి వచ్చే 45 హెచ్.పి. బండిని గంటల లెక్కన పిలిపించేవాళ్ళం. ఆ తరగతి ట్రాక్టరు రెండు టన్నులకు అటూ ఇటూ తూగుతుంది. వాన పడ్డాక మడిలోకి దింపితే గట్టు జారిపోయేది. వెనక ఆరడుగుల రోటవేటరు (తిరిగే బ్లేళ్ళతో మట్టిని గుల్ల చేసే పరికరం), మలుపులో తిరగడానికి చోటుండదు, మడి మూలలన్నీ మళ్ళీ ఎడ్లతో దున్నుకోవాల్సిందే. గరువు మీద అయితే డ్రైవరు వాలుకు అడ్డంగా తోలడానికి ఒప్పుకునేవాడు కాదు. "అన్నా, కింది చక్రం గుంటలో పడితే బండీ ఉండదు, నేనూ ఉండను" అనేవాడు. అతని మాట న్యాయమైనదే.

కొండ సేద్యంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. బండి బోల్తా పడకుండా ఉండాలంటే నిట్టనిలువుగా పైకీ కిందికీ తోలాలి. మట్టి కొట్టుకుపోకుండా ఉండాలంటే వాలుకు అడ్డంగా దున్నాలి. నిలువు చాళ్ళు వేస్తే మొదటి పెద్ద వానకే గరువు మీది ఎర్రమట్టంతా గెడ్డలో కలుస్తుంది. అందుకే బండి చిన్నది, పొట్టిది కావాలనుకున్నాను. బరువు నేలకు దగ్గరగా ఉంటే అడ్డంగా తోలినా నిలబడుతుంది. వెనక చక్రాలను డిస్కులు తిప్పి బిగించి, వీలైనంత ఎడంగా పెట్టించాను. వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్ళు పట్టించాను. ఇనుప బరువులు కొనే ఖర్చు తప్పింది, ఆ బరువు కూడా కిందనే ఉంటుంది. మలుపులో తప్ప రోటవేటరును పైకెత్తి నడపను, ఎత్తిన కొద్దీ బండి తూకం పైకి పోతుంది. ఇన్ని చేసినా మా గరువులో పై అంచున ఉన్న నిట్ట వాలు ముక్క మాత్రం ఇప్పటికీ ఎడ్లదే. అక్కడికి ఏ ట్రాక్టరునూ పంపకూడదు, అది ఎంత చిన్నదైనా సరే.

ఫోర్ వీల్ డ్రైవ్ విలువ ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు బాగా తెలుస్తుంది. చిన్న గేరులో వేసి వదిలితే ఇంజను పట్టు ముందు చక్రాలకూ అందుతుంది, బండి తడి మట్టి మీద కూడా జారకుండా ఒద్దికగా దిగుతుంది. దిగుతూ క్లచ్ నొక్కకూడదు, న్యూట్రల్ ఊసే వద్దు. ఇంకొకటి, కుడికాలి కింద వెనక చక్రానికొకటి చొప్పున రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి, వాటిని కలిపే చిన్న గొళ్ళెం ఉంటుంది. మడిలో గిర్రున తిప్పడానికి దాన్ని తీస్తాం. దారెక్కేముందు మళ్ళీ వేయకపోతే, పల్లంలో ఒక పెడల్ మీదే కాలు పడి బండి ఒక పక్కకు లాగేస్తుంది. మా తమ్ముడు తాళం తిప్పేముందు వంగి ఆ గొళ్ళెం చేత్తో తడిమి చూస్తాడు. బండి ఎవరికిచ్చినా ముందు నేర్పవలసింది అదే.

శక్తి చాలుతుందా అని చాలామంది అడుగుతున్నారు. మేం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం. టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్లకు దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది, అంటే 24లో రెండు పోయాయనుకోవాలి. అయినా మూడున్నర అడుగుల రోటవేటరును రెండో దుక్కిలో సునాయాసంగా లాగుతుంది. ఎండి గట్టిపడిన నేలను మాత్రం ముందు కల్టివేటరుతో లేపాలి. వెనక పరికరాలను ఎత్తే హైడ్రాలిక్ 750 కిలోలు ఎత్తుతుందని కంపెనీ లెక్క. కొండ మీద నేను అంత దూరం పోను. వెనక బరువు పెరిగితే ఎక్కుడులో ముందు చక్రాలు తేలుతాయి.

ఈ సైజుతో కానిది ట్రాలీ పని. నిండు లోడు పసుపు వేసుకుని ఘాటు దిగుదామనుకుంటే ఇది మీకు కాదు. లాగడం ఎలాగోలా లాగుతుంది, కానీ పల్లంలో ట్రాలీ బరువు వెనక నుంచి తోస్తుంటే ఇంత తేలిక బండి ఆపుకోలేదు. మేం సంతకు సరుకు ఆటోలోనే పంపుతున్నాం. ఏడాదంతా కిరాయికి ట్రాలీ తోలి సంపాదించాలనుకునేవాళ్ళు పెద్ద బండి చూసుకోవడమే మంచిది. కాఫీ తోటలోకి కూడా దీన్ని పోనివ్వను. కాఫీ మేత వేళ్ళు పైపైనే ఉంటాయి, చక్రం నలిపితే మొక్క దెబ్బతింటుంది. మడి మరీ ఇరుకై, బండి తిరగనే తిరగదంటే పవర్ టిల్లర్ మేలు.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగులును హంగులకో స్టీరియోకో పెట్టకుండా రోల్ బార్ (బండి బోల్తా పడినా డ్రైవరును కాచే ఇనుప చట్రం), సీటు బెల్టుకు పెట్టండి, అమ్మేవాళ్ళు వాటి ఊసు తేకపోతే మీరే అడగండి. సర్వీసు మెకానిక్ ఘాటు ఎక్కి రావడానికి వానాకాలంలో రోజులు పడుతుంది. ఫిల్టర్లు, ఫ్యాను బెల్టు, రోటవేటరు బ్లేళ్ళు, షియర్ బోల్టులు (రోటవేటరుకు రాయి తగిలితే ముందు తెగిపోయి మిగతా భాగాలను కాచేవి) ఒక జత ఇంట్లో పెట్టుకోండి. కొనే ముందు బండిని షోరూము ముందు తారు రోడ్డు మీద కాకుండా మీ సొంత వాలు మీద, వెనక రోటవేటరు తగిలించి చూపించమనండి. మాకు పైదాకా తెచ్చి చూపించారు, ఆ పూటే తేల్చుకున్నాం.