టీవీలో పీఎస్5: 4కే మోజు, 60 ఫ్రేముల సుఖం

తిరుపతిలో మా కాలనీలో ఎవరు పీఎస్5 (సోనీవాళ్ల ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) కొన్నా, అట్టపెట్టె విప్పిన పూటే ఫోన్ చేసి అడిగేది ఒకటే, "అన్నా, రిజల్యూషన్ ఎంతలో పెట్టుకోవాలి?" అని. నా జవాబు ముందే చెప్పేస్తా, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. రిజల్యూషన్‌ని, అంటే తెర మీది చుక్కల లెక్కని, ఆటోమేటిక్‌లో వదిలేయండి, ఆటలో పెర్ఫార్మెన్స్ మోడ్ (బొమ్మ అందం కాస్త తగ్గించి కదలిక నునుపుగా ఇచ్చేది) పెట్టుకోండి, పడాల్సిన టెన్షనేదో టీవీ సెట్టింగుల దగ్గర పడండి.

నాది డిస్క్ పెట్టుకునే పీఎస్5 స్లిమ్. మన దేశంలో 2024 ఏప్రిల్‌లో వచ్చింది, అప్పటి ధర 54,990 రూపాయలు. దీన్ని హాల్లో ఉన్న 43 అంగుళాల మామూలు 4కే టీవీకి, అమ్మావాళ్ల గదిలోని పాత 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి, కొర్లగుంటలో మా బావ కొన్న 55 అంగుళాల 120 హెర్ట్జ్ (సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చే) టీవీకి తగిలించి ఆడాను. కన్సోల్‌కి నేనిచ్చేది ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే, దాని మెనూలో ఏది ఎందుకుందో కొత్తవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు.

1080పీ, అదే ఫుల్ హెచ్‌డీ, అంటే తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలు, 4కే అంటే దాదాపు 83 లక్షలు, సరిగ్గా నాలుగింతలు. ఒక్కో ఫ్రేముకి, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకి, కన్సోల్ అన్ని ఎక్కువ చుక్కలు గీయాలి. అది గీసినా మన కంటికి అందుతుందా అన్నదే అసలు లెక్క. మామూలు చూపున్న మనిషి కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వరకే రెండు చుక్కల్ని విడదీసి చూడగలదంటారు. ఆ లెక్కన 43 అంగుళాల టీవీలో ఐదున్నర అడుగులు దాటితే 1080పీ చుక్కలే విడిగా కనపడవు, 55 అంగుళాల టీవీలో అయితే ఏడడుగులు దాటాలి. బైరాగిపట్టెడలో మా హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య ఎనిమిది తొమ్మిది అడుగులుంటుంది, ఊళ్లో చాలా అపార్ట్‌మెంట్లలోనూ అటూ ఇటుగా అంతే. మా మేనల్లుణ్ణి అక్కడ కూర్చోబెట్టి చెప్పకుండా 1080పీకి మార్చేశాను, వాడు కనిపెట్టలేదు, నాలుగు గోల్స్ మాత్రం కొట్టాడు. అలాగని తేడా అసలే లేదనను. దూరంగా కనపడే కరెంటు తీగలు, గడ్డి, కంచెలు 1080పీలో కొంచెం మినుకుమినుకుమంటాయి, 4కేలో నిలకడగా ఉంటాయి. చిన్న అక్షరాలు కూడా అంతే. కాబట్టి 4కే టీవీ ఉంటే 4కేనే పంపండి, 1080పీ పంపితే దాన్ని సాగదీసే పని టీవీ మీద పడుతుంది, చవక టీవీలు ఆ పని అంత బాగా చేయవు.

పాత ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నవాళ్లు, కన్సోల్ కొన్నాం కదా అని పరుగెత్తి టీవీ మార్చాల్సిన పనిలేదు. ఆట చాలాసార్లు పెద్ద రిజల్యూషన్లోనే తయారై, కన్సోల్లోనే 1080పీకి కుదించబడి వస్తుంది, అందుకని అంచులు నునుపుగా ఉంటాయి. అమ్మావాళ్ల గదిలో 32 అంగుళాల టీవీలో బొమ్మ చూసి నేనే ఆశ్చర్యపోయాను. 1080పీకీ 4కేకీ మధ్యన ఉండే 1440పీ ఆప్షన్ 2022 సెప్టెంబరు అప్‌డేట్‌లో ఇచ్చారు, అది ముఖ్యంగా కంప్యూటర్ మానిటర్ల కోసం. యూనివర్సిటీ హాస్టల్లో మానిటర్ మీద ఆడే పిల్లలకి బాగా పనికొస్తుంది, టీవీవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. టీవీ మూలన 2160పీ (4కేకి ఇంకో పేరు) అని చూపిస్తోందంటే ఆట 4కేలో గీయబడుతోందని కాదు. కన్సోల్ నుంచి టీవీకి వెళ్లే సిగ్నల్ 4కే అని మాత్రమే. లోపల ఆట 1440పీలోనో, ఇంకా తక్కువలోనో గీసి, పెంచి పంపిస్తూ ఉండొచ్చు. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో ఎక్కువగా జరిగేది అదే. అందుకే వీడియో అవుట్‌పుట్ మెనూలో కుస్తీ పడటం కన్నా ఆటలో పెర్ఫార్మెన్సా, క్వాలిటీనా అన్న మోడ్ ఎంచుకోవడం ముఖ్యమంటున్నా.

బొమ్మ అందానికే పెద్దపీట వేసే క్వాలిటీ మోడ్ సాధారణంగా సెకనుకి 30 ఫ్రేములిస్తుంది, అంటే ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు తెర మీద నిలుస్తుంది. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 60 ఫ్రేములు, ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. స్పైడర్‌మ్యాన్ 2లో బిల్డింగుల మధ్య ఊగుతూ కెమెరాని గిర్రున తిప్పండి, 30లో బొమ్మ చెదిరి కళ్లు లాగుతాయి, 60లో నీళ్లలా పోతుంది. నీడలు, అద్దాల్లో ప్రతిబింబాలు కొంచెం తగ్గినా, ఆడుతున్నప్పుడు అవెవరు చూస్తారు సామీ? కథ కోసం నిదానంగా నడుస్తూ ఆడే ఆటలకి క్వాలిటీ మోడ్ పెట్టుకుంటే తప్పులేదు. ఫుట్‌బాల్, రేసింగ్, కాల్పుల ఆటలకి మాత్రం ఆలోచించకండి. ప్రతి ఆటలోకీ వెళ్లి మార్చక్కర్లేదు కూడా, కన్సోల్ సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా దగ్గర గేమ్ ప్రీసెట్స్ అని ఉంటుంది, అక్కడ ఒకసారి పెర్ఫార్మెన్స్ అని పెడితే దాన్ని పాటించే ఆటలన్నీ అదే మోడ్‌లో మొదలవుతాయి.

120 హెర్ట్జ్ సంగతి వేరు. కన్సోల్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎమ్‌ఐ పాత రకం 2.0లో సెకనుకి 18 గిగాబిట్లే పోతాయి కాబట్టి 4కే 60 దగ్గర ఆగిపోతుంది, 2.1లో 48 వరకు దారి ఉంది కాబట్టి 4కే 120 కూడా పోతుంది. మా బావ టీవీలో నాకు నచ్చింది 120 ఫ్రేముల ఆటలు కాదు, 40 ఫ్రేముల మోడ్. 120ని 40తో భాగిస్తే సరిగ్గా మూడొస్తుంది, ఒక్కో ఫ్రేము 25 మిల్లీసెకన్లు, అంటే 30కీ 60కీ కాలంలో సరిగ్గా మధ్యన. క్వాలిటీ మోడ్ బొమ్మ, దాదాపు పెర్ఫార్మెన్స్ సుఖం. కొన్ని ఆటలే ఇస్తాయి, ఇచ్చినవి మాత్రం అద్భుతం. 2022 ఏప్రిల్లో వచ్చిన వీఆర్‌ఆర్ (వేరియబుల్ రిఫ్రెష్ రేట్) కూడా ఇలాంటి టీవీలకే, ఫ్రేములు తగ్గినప్పుడు టీవీయే తన వేగం సర్దుకుంటుంది.

కొనేటప్పుడు మాత్రం షాపు మాట నమ్మకండి. ఊళ్లో ఒక షాపులో సేల్స్ కుర్రాడు నన్ను టీవీకి రెండడుగుల దూరంలో నిలబెట్టి, రంగు చేపలు ఈదే డెమో వీడియో వేసి, "4కే అంటే ఇదీ సార్" అన్నాడు. రెండడుగుల్లో ఏ టీవీ బాగుండదప్పా? 120 హెర్ట్జ్ ఏ పోర్టులో వస్తుందంటే "అన్నింట్లో వస్తుంది సార్" అని ధైర్యంగా చెప్పాడు, తీరా వెనక్కి వంగి చూస్తే ఒక్క పోర్టు దగ్గరే ఆ ముక్క రాసుంది. ఇంకో మోసం, కొన్ని టీవీల మీద 120 డీఎల్‌జీ అని ఉంటుంది. అది తెర మీది అడ్డగీతల లెక్కని సగానికి తగ్గించి వేగం రెట్టింపు చేసే కిటుకు, 4కే 120 కాదు. రేటు విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధర చెబితే గట్టిగా అడగండి. అన్నట్టు మన రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీల్లోనే టీవీలు తయారవుతున్నాయి, అయినా మనకేం తగ్గించి ఇవ్వరనుకోండి.

టీవీ ఇంటికొచ్చాక అసలు పని. చాలా టీవీలు హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుని పాత పద్ధతిలో పెట్టి పంపుతాయి, దాన్ని మనమే తెరవాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అంటారు. ఇది ఆపేసి ఉంటే 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపే పద్ధతి) సరిగా రాదు, జనం కన్సోల్‌ని తిట్టుకుంటారు. తర్వాత టీవీలోని గేమ్ మోడ్ ఆన్ చేయండి. ఇది లేకపోతే బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే ఆలస్యం చేతికి తెలిసిపోతుంది. స్కోరు బోర్డు అంచు తెగిపోతుంటే టీవీ పిక్చర్ సైజుని స్క్రీన్ ఫిట్‌కో జస్ట్ స్కాన్‌కో మార్చండి. కన్సోల్లో హెచ్‌డీఆర్‌ని ఆన్ వెన్ సపోర్టెడ్ అని పెట్టండి, నా 43 లాంటి చవక టీవీలో వెలుతురు చాలక ఆట చీకటిగా అనిపిస్తే మొహమాటపడకుండా ఆపేయండి, నేను ఆపేశాను. కేబుల్ మాత్రం పెట్టెలో వచ్చిందే వాడండి, అది 2.1 కేబుల్, డ్రాయర్లో దొరికిన పాతది తగిలించొద్దు. మన ఎండాకాలంలో కన్సోల్‌ని తలుపులున్న టీవీ అరలో దాచకండి, బయట పెట్టండి.

ఇంకా శక్తిమంతమైన పీఎస్5 ప్రో గురించి అడిగేవాళ్లకి: అది 2024 నవంబరులో బయట దేశాల్లో వచ్చినప్పుడు మన దేశానికి రాలేదు. క్వాలిటీ మోడ్ బొమ్మని 60 ఫ్రేముల్లో ఇవ్వడమే దాని పని, బావ ఇంట్లోలాంటి 55 ముందు ఆరడుగుల్లో కూర్చునేవాళ్లకి తేడా తెలుస్తుంది. నా 43 ముందు దానికి డబ్బు పోసే ఉద్దేశం నాకైతే లేదు, ఆ డబ్బుతో ముందు రెండో కంట్రోలర్ కొంటా, మేనల్లుడు రోజూ అడుగుతున్నాడు.