14 ఎంఎం మాన్యువల్ లెన్స్ కొనేవాళ్లకి: ఆ ‘ఓపెన్ బాక్స్’ సెల్లర్‌తో జాగ్రత్త

ఫోన్ పెట్టేసి గంట కూడా కాలేదు, ఇంకా చెయ్యి వణుకుతూనే ఉంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

సెల్లర్ పేరు రాయను. రాయకపోయినా మీలో సగం మందికి తెలిసిపోతుంది. ప్రతి లిస్టింగ్ కిందా ‘మింట్ కండిషన్, ఒక్క పీసే ఉంది, త్వరపడండి’ అని ఉంటుంది చూడండి, ఆయనే. నేను కొన్నది ‘ఓపెన్ బాక్స్’, అంటే డబ్బా ఒకసారి విప్పిన సరుకు: ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకి 14 ఎంఎం, ఎఫ్/2.8 వైడ్ లెన్స్, బాగా వెడల్పుగా పట్టేది. అంతా మాన్యువల్. ఆటోఫోకస్ లేదు, ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేవు, అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) రింగ్ మనమే తిప్పుకోవాలి. నేను తీసేది నక్షత్రాలు, గదులు. ఆ రెండింటికీ ఆటోఫోకస్‌తో పనేముంది, డబ్బులు మిగులుతాయి కదా అనుకున్నాను. మిగిలాయి, బాగానే మిగిలాయి.

విషయం ఏంటంటే లెన్స్ ఎడమ పక్క మొత్తం పోయింది. డీసెంటర్ అయిన కాపీ. లోపల ఏదో ఒక గాజు పక్కకి జరిగి ఉండాలి, లేదా వాలి ఉండాలి. ఎఫ్/2.8లో, అంటే అపర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే, కుడి మూల నక్షత్రం చక్కగా చుక్కలా ఉంటే, ఎడమ మూల ప్రతి నక్షత్రానికీ ఒక తోక. నేను తీసింది పాలపుంత, వచ్చింది తోకచుక్కల ఊరేగింపు.

మొదటి రోజే ఎందుకు చూసుకోలేదని అడుగుతారు. అక్కడే నా తెలివి. రిటర్న్ గడువు ఏడు రోజులు. అందులో రెండు రోజులు అసలు షట్టరే పడలేదు. కాంటాక్టులు లేని లెన్స్ పెడితే బాడీ దృష్టిలో అక్కడ లెన్సే లేదు. మెనూలోకి వెళ్లి, లెన్స్ లేకపోయినా షట్టర్ పడేలా ఆప్షన్ ఆన్ చేయాలి. అది తెలిసేలోగా కెమెరా పాడైందని టెన్షన్‌తో సగం చచ్చాను. తర్వాత స్టెబిలైజేషన్ (చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా బాడీ సెన్సార్‌ని కదిపే ఏర్పాటు) గోల. ఇలాంటి లెన్స్ పెట్టినప్పుడు ఫోకల్ లెంగ్త్ ఎంతో బాడీకి మనమే చెప్పాలి. ఇంతకుముందు వాడిన పాత 50 ఎంఎం లెన్స్ విలువ అలాగే ఉండిపోయింది. పెట్టింది 14, కెమెరా మాత్రం 50కి సరిపడా సెన్సార్‌ని ఊపుతోంది. ఫొటోలన్నీ అలికేసినట్టు వచ్చాయి. అదీ సరిచేసుకుని, మిగిలిన రోజుల్లో పగటిపూట ఎఫ్/8లో, అంటే అపర్చర్ బాగా మూసి తీశాను. బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఉండక ఏం చేస్తాయి? 14 ఎంఎంకి ఎఫ్/8లో హైపర్‌ఫోకల్ దూరం దాదాపు 80 సెంటీమీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే 40 సెంటీమీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి. అంత డెప్త్‌లో ఏ లోపమైనా హాయిగా దాక్కుంటుంది. ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని రంగుతో చూపించే సదుపాయం) ఆన్ చేస్తే ఇంకా అన్యాయం, ఫ్రేమంతా ఎర్రగా వెలిగిపోయి అన్నీ బాగున్నాయంటుంది. తొమ్మిదో రోజు రాత్రికి గానీ మబ్బు విడలేదు. ట్రైపాడ్ మీద పెట్టి, ఎఫ్/2.8కి తిప్పి, 15 సెకన్లు ఇచ్చాను. మొదటి ఫ్రేమ్‌లోనే తెలిసిపోయింది.

ఇంకో మాట చెప్పి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. లిస్టింగ్‌లో శాంపిల్ ఫొటోలు పెట్టి ‘ఎఫ్/2.8లో తీసినవి’ అని రాశాడు. మాన్యువల్ లెన్స్ కదా, ఫైల్‌లో అపర్చర్ రికార్డు కాదు. ఆయన ఎంత చెబితే అంత. కానీ ఆ ఫొటోలో వీధిదీపాల చుట్టూ పదునైన కిరణాలు కనిపిస్తున్నాయి. అపర్చర్ బ్లేడ్లు బాగా మూసుకుంటేనే అలాంటి కిరణాలు వస్తాయి. పూర్తిగా తెరిచి తీస్తే దీపం చుట్టూ మసక వెలుగే గానీ కిరణాలుండవు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ‘అబ్బ, ఎంత బాగున్నాయి’ అనుకుని డబ్బు కట్టాను. ఇలాంటివి ఇతరులకి చెప్పేదాన్ని.

సరే, ఆ ఫొటోల మూలలు కత్తిరించి సెల్లర్‌కి పంపాను. మొదటి జవాబు: ‘కోమా మేడమ్, ప్రతి వైడ్ లెన్స్‌కీ ఉంటుంది.’ కోమా అంటే మూలల్లో నక్షత్రాలకి తోకలొచ్చే లోపం. అది ఉంటుంది, కాదనను. కానీ అది నాలుగు మూలల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, ఎడమ పక్క మీద దానికి ప్రత్యేకమైన పగేమీ ఉండదు. ఆ మాటే రాస్తే రెండో జవాబు: ‘భూమి తిరుగుతుంది కదా మేడమ్, నక్షత్రాలు సాగుతాయి.’ భూమి కూడా ఈయన పార్ట్‌నరే అన్నమాట. కెమెరాని ఆకాశంలో ఇంకో వైపు తిప్పి తీశాను. తోకలు ఎడమ పక్కే. ఇటుక గోడ తీసి పంపితే, గోడకి సమాంతరంగా పెట్టలేదన్నాడు. కెమెరాని తలకిందులు చేసి అదే గోడ మళ్లీ తీశాను. తప్పు గోడదో నా నిలబడటానిదో అయితే, ఈసారి మసక ఫైల్‌లో కుడి పక్కకి మారాలి. మారలేదు. అదే బాడీకి వేరే లెన్స్ పెట్టి తీసిందీ పంపాను, అంచు నుంచి అంచు దాకా శుభ్రంగా ఉంది. దానికి ఆయన సలహా, లెన్స్ బాడీకి బిగించే చోటు గురించి: ‘మౌంట్ దగ్గర ఎడమ పక్కన చిన్న పేపర్ ముక్క పెట్టి చూడండి.’

పేపరంట! లెక్క చూడండి. మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్. రింగ్ చివరిదాకా తిప్పితే సరిగ్గా ఇన్ఫినిటీ దగ్గర ఆగే 14 ఎంఎం లెన్స్‌ని అంత ముందుకి జరిపితే, ఇక అది ఫోకస్ చేయగలిగే అతి దూరం రెండు మీటర్లు. 50 ఎంఎంకి అదే తేడా వస్తే 25 మీటర్ల దాకా ఫోకస్ దొరుకుతుంది. ఎంత వైడ్ అయితే అంత కచ్చితంగా కూర్చోవాల్సిన వస్తువు కింద నన్ను కాగితం మడిచి పెట్టమంటున్నాడు, ఊగుతున్న టేబుల్ కాలికి పెట్టినట్టు.

ఇదంతా ఓర్చుకున్నాను. ఇక రాతల వల్ల కాదని ఈ రోజు ఫోన్ చేశాను. నా మాట సగంలో ఆపి, “మేడమ్, ఇంట్లో సార్ ఉంటే ఒకసారి ఫోన్ ఇవ్వండి, ఆయనకి చెప్తాను” అన్నాడు.

ఏ సార్? కెమెరా నాది, కొన్నది నేను, గోడ ముందు కెమెరా తలకిందులు పెట్టి నిలబడ్డది నేను. “సారెవరూ లేరు, నాకే చెప్పండి” అన్నాను. పెద్దగా నిట్టూర్చాడు. తర్వాత చిన్నపిల్లకి నచ్చజెప్తున్నట్టు, “చూడండి మేడమ్, ఆ లెఫ్ట్ సైడ్‌ది అంత పెద్ద విషయం కాదు. మీకన్నా ముందు తీసుకున్నాయన కూడా ఇలాగే...”

ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. అవతల ఎవరో టేపు చింపి డబ్బా ప్యాక్ చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“ముందు తీసుకున్నాయనా?”

“అంటే... ఓపెన్ బాక్స్ కదా మేడమ్.”

“ఎందుకు తిరిగిచ్చాడు?”

“ఆయనకి వైడ్ నచ్చలేదు.”

“ఇప్పుడే లెఫ్ట్ సైడ్ అన్నారు కదండీ!”

“అయినా వైడ్ లెన్స్‌లో అంచులెవరు చూస్తారండీ?”

ఈ ఒక్క మాట నా చెవిలో ఇంకా తిరుగుతోంది. 24 ఎంఎం లెన్స్‌కి ఫ్రేమ్ మూల నుంచి ఎదురు మూలకి 84 డిగ్రీలు కనిపిస్తుంది, 14కి 114. ఆ పైన వచ్చే 30 డిగ్రీలు ఎక్కడుంటాయి మరి? అంచుల్లోనే. నేను డబ్బు కట్టిందే వాటి కోసం. మధ్యలో బాగుంటే చాలనుకుంటే నా దగ్గరున్న పాత లెన్స్ ఏం పాపం చేసింది?

అంటే కోమా కాదని ఆయనకి తెలుసు. భూమి తిరగడం వల్ల కాదనీ తెలుసు. నేను రాత్రుళ్లు మెలకువగా ఉండి పరీక్షలు చేసి పంపుతుంటే, జవాబు ముందే తెలిసిన మనిషి నాకు కాగితం ముక్క సలహా ఇచ్చాడు. డబ్బు పోయినందుకంటే దీనికే ఎక్కువ మండుతోంది. గట్టిగా అడిగితే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. “గడువు అయిపోయింది, ఏం చేసుకుంటావో చేసుకో” అని పెట్టేశాడు. పది నిమిషాలకి ఆటోమేటిక్ మెసేజ్ వచ్చింది: మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? నా దగ్గరున్నవన్నీ తోకలున్నవే నాయనా, ఎన్ని కావాలో పట్టుకుపో.

కొనేవాళ్లు ఒక్క పని చేయండి. లెన్స్ చేతికొచ్చిన రాత్రే, దూరంగా ఉన్న ఒక ఒంటరి దీపం చూసుకుని, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫ్రేమ్ మధ్యలో జూమ్ చేసి ఫోకస్ పెట్టండి. పీకింగ్‌ని నమ్మకండి. ఇక రింగ్ ముట్టుకోకుండా ఆ దీపాన్ని నాలుగు మూలలకీ తీసుకెళ్లి తలా ఒక ఫొటో తీయండి. ఒక మూల మిగతా మూడింటిలా లేకపోతే వెంటనే తిప్పి పంపేయండి, వాదనలొద్దు. అడాప్టర్ (వేరే మౌంట్ లెన్స్‌ని బాడీకి కలిపే రింగ్) మీద వాడేవాళ్లు ముందు అడాప్టర్‌ని అనుమానించండి, అది వంకరగా ఉన్నా ఇలాగే వస్తుంది. ఓపెన్ బాక్స్ అయితే ‘ముందాయన ఎందుకు తిరిగిచ్చాడు’ అని డబ్బు కట్టకముందే రాతలో అడగండి. నేను అడగలేదు.

ఇంతకీ లెన్స్ నా దగ్గరే ఉంది. ఎవరైనా చూడాలనుకుంటే చెప్పండి, ఫైల్స్ పంపిస్తాను. కుడి సగం చాలా బాగుంటుంది.