అరచేతిలో పాత కార్లు: పదకొండేళ్ల వాడకం తర్వాత నా మాట

మొదటి బొమ్మ కారు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది. పాత ఛార్జర్లు, రిమోట్ల కుప్ప కింద ఒక చక్రం ఊడిపోయిన మ్యాచ్‌బాక్స్ కంపెనీ రోల్స్ రాయిస్ ఉంది. ఎనభై అడిగాడు, యాభైకి ఇచ్చాడు. అది 2014. ఆ ఏడాది మే నెలలోనే ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. మా నాన్న ఖమ్మంలో ఇరవై ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపిన మనిషి. ఆ వార్త విని రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పాత కార్ల పిచ్చి నాకు అప్పుడే పట్టుకుంది, కాకపోతే మా ఫ్లాట్‌లో అసలు కారు పెట్టుకోవడానికే చోటు లేదు.

ఈ పదకొండేళ్లలో ముప్పై నాలుగు పాత లోహపు బొమ్మ కార్లను విప్పి, రంగు తీసి, మళ్ళీ వేశాను. ముక్కలు అంటించి కారు తయారుచేసుకునే ప్లాస్టిక్ కిట్లు తొమ్మిది మొదలుపెట్టాను, ఐదే పూర్తయ్యాయి. ముప్పై నాలుగుకు ముప్పై నాలుగూ, తొమ్మిదికి ఐదూ. నేను చెప్పబోయేదంతా ఈ లెక్కలోనే ఉంది: లోహం తప్పును క్షమిస్తుంది, ప్లాస్టిక్ క్షమించదు.

సైజుల గురించి రెండు ముక్కలు. కిట్లు ఎక్కువగా 1/24లో, అంటే అసలు కారు పొడవులో ఇరవై నాలుగో వంతులో వస్తాయి, అమెరికావాళ్లవి 1/25. డింకీ, కోర్గీ అనే ఇంగ్లండ్ కంపెనీల పాత బొమ్మలు సుమారు 1/43 దగ్గర తిరుగుతాయి. ఈ 43 అంకె కార్లది కాదు, బొమ్మ రైళ్లది. 'ఓ' గేజ్ అనే సైజు బొమ్మ రైలు పక్కన నిలబెట్టడానికి సరిపోయేలా చేసిన కార్ల నుంచి వచ్చింది. నా వరకు 1/43 చాలు. అరచేతిలో పడుతుంది, రంగు తక్కువ ఖర్చవుతుంది, ముప్పై కార్లు ఒక్క అరలో సర్దుకుంటాయి.

పాత కారును విప్పడం మొదటిసారి భయంగా ఉంటుంది. అడుగు రేకును పట్టుకున్న రివెట్ తల మీద 3 మి.మీ. బిట్ పెట్టి, చేత్తోనో నెమ్మదిగా తిరిగే డ్రిల్‌తోనో తల ఒరిసిపోయేదాకా తిప్పాలి. రేకు కదలగానే ఆపెయ్యాలి. తొందరపడితే బిట్ రివెట్ దాటి బాడీలోకి దిగుతుంది. మళ్ళీ బిగించడానికి ఆ రివెట్ కాడలోనే 1.6 మి.మీ. రంధ్రం చేసి, ఎం2 ట్యాప్‌తో (2 మి.మీ. స్క్రూకు మర తీసే పనిముట్టు) మర తీసి, చిన్న స్క్రూ వేస్తాను. మొదట్లో ఎపాక్సీతో అంటించేవాణ్ని. తర్వాత ఒక అద్దం మార్చాల్సి వచ్చి, నా కారును నేనే పగలగొట్టుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి స్క్రూలే.

రంగు తీయడంలో నా మొదటి ఘనకార్యం చెప్పాలి. ఎక్కడో విని, కాస్టిక్ సోడా వేడినీళ్లలో కలిపి ఒక కారు బాడీని రాత్రంతా ముంచి పెట్టాను. ఈ బొమ్మలు జమాక్ అనే లోహంతో పోసినవి. ముఖ్యంగా జింకు, దానికి తోడు అల్యూమినియం, మెగ్నీషియం, రాగి. కాస్టిక్ సోడాకు జింకు, అల్యూమినియం రెండూ ఆహారమే. పొద్దున లేచి చూస్తే రంగు పోయింది, దాంతోపాటు తలుపు గీతలూ సగం పోయాయి. బాడీ నల్లబడి, మీదంతా సన్నటి గుంటలు. లప్పం పెట్టి నాలుగుసార్లు వాటర్ పేపర్ కొట్టి దాన్ని కూడా నిలబెట్టాను. లోహం క్షమిస్తుందన్నది ఇందుకే. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవర్ జెల్ వాడుతున్నాను. రబ్బరు గ్లౌజులు, బాల్కనీ, పాత టూత్‌బ్రష్. పది నిమిషాల్లో రంగు ముడతలు పడి లేస్తుంది. వంటింటి గిన్నెలు మాత్రం ఈ పనికి ముట్టుకోవద్దు. మా ఇంట్లో దాని మీద జరిగిన చర్చ ఇక్కడ రాయలేను.

లోహం కూడా క్షమించని సందర్భం ఒకటుంది. పోత పోసినప్పుడు జింకులో కాస్త సీసం కలిసినా, ఏళ్ల తర్వాత లోహం లోపలి నుంచే పగుళ్లు బారి పొడిపొడిగా రాలుతుంది. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీల్లో ఇది ఎక్కువ. తేమ, వేడి ఉంటే ఇంకా త్వరగా ముదురుతుంది. మందు లేదు. ఉబ్బినట్టు, సన్నటి వెంట్రుకవాసి పగుళ్లతో ఉన్న కారు ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. జుమ్మెరాత్ బజార్‌లో అలాంటిది ఒకటి మురిసిపోతూ కొన్నాను. ఇంటికొచ్చి మడ్‌గార్డ్ మీద వేలు పెడితే బిస్కెట్‌లా విరిగింది.

ఇక సామాను. రంగు చల్లడానికి గాలి ఇచ్చే కంప్రెసర్ 2016లో తీసుకున్నాను, మూడు లీటర్ల ట్యాంకు ఉన్నది. ట్యాంకు లేని రకం చవకే కానీ గాలి కొట్టుకుంటూ వస్తుంది, రంగు కూడా అలాగే పడుతుంది. తొమ్మిదేళ్లలో ఒక ప్రెషర్ స్విచ్, ఒక గొట్టం మార్చాను, అంతే. శబ్దం ఫ్రిజ్ కన్నా ఎక్కువ, మిక్సీ కన్నా చాలా తక్కువ. రాత్రి పదింటికి కూడా పక్కింటివాళ్లు తలుపు కొట్టలేదు.

ఆ గాలితో రంగును సన్నగా చల్లే ఎయిర్‌బ్రష్‌లు రెండు చూశాను. మొదటిది పేరూ ఊరూ లేనిది, 1,400 రూపాయలు, 0.3 మి.మీ. నాజిల్. ఏడాదిన్నరలో థిన్నర్ తగిలి లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. రెండోది జపాన్‌లో తయారైంది, తొమ్మిది వేల దాకా అయింది. సీళ్లు టెఫ్లాన్‌వి. ఏడేళ్లుగా వాడుతున్నా మొదటి రోజులాగే ఉంది. సూది మూడుసార్లు వంగింది, మూడుసార్లూ నిద్రమత్తులో కడిగిన నా పుణ్యమే. కొత్తవాళ్లు చవకది కొని నేర్చుకోవడంలో తప్పు లేదు కానీ, ఆర్నెల్లలో దాన్నే తిట్టుకుంటారని తెలుసుకుని కొనండి. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ దగ్గర పెట్టి కొడతాను. రంగును పాలంత పలచగా కలపమని అందరూ చెబుతారు. ఏ పాలో చెప్పరు. చిక్కటి గేదె పాలు కాదు, హాస్టల్ పాలు.

కానీ ఇన్నేళ్లలో నా రంగును పాడుచేసింది సామాను కన్నా హైదరాబాద్ వాతావరణమే ఎక్కువ. జూలైలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్, అంటే థిన్నర్‌తో పలచన చేసే రంగు, కొడితే తెల్లబారుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు బాడీ చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పేరుకుంటుంది. ఆ పాలిపోయిన మసక అదే. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలిపితే కొంత తగ్గుతుంది. కంప్రెసర్ గొట్టానికి తేమ పట్టే గిన్నె లేకపోతే బాడీ మీద నీటి చుక్కలు కూడా పడతాయి. మే నెలలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. రంగు గాలిలోనే ఆరిపోయి, శనగపిండి చల్లినట్టు గరుకుగా కూర్చుంటుంది. అందుకని నాకు రంగులు వేసే కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మిగతా నెలల్లో విప్పడాలు, రుద్దడాలు, లప్పం పనులు. దుమ్ముకు మా బాత్రూమే దిక్కు. పది నిమిషాలు షవర్ వదిలి, ఆపి, గోడలు కారడం తగ్గాక లోపలికి వెళ్తే గాలిలో దుమ్ము ఉండదు.

రంగు ఎక్కడ కొనాలి అంటే, బ్రాండ్ సీసాల కోసం తంటాలు పడక్కర్లేదు. కార్ల పెయింట్ షాపులో కంప్యూటర్‌తో ఏ షేడ్ అయినా కలిపిస్తారు, వంద మి.లీ. తెచ్చుకుంటే నాలుగైదు కార్లకు వస్తుంది. ఒక్క జాగ్రత్త. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగు మెరుపు చూసి ఆశపడతాం, నేనూ పడ్డాను. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఒకసారి పడకపోతే ఇక జన్మంతా పడదు. గుడ్డ మాస్కు దానికి పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో నేను మానేశాను. స్ప్రే డబ్బాలు అమెరికా నుంచి తెప్పించుకుందామని మా పెదనాన్న కొడుకుకు చెప్పాను. విమానంలో రానివ్వరన్న సంగతి వాడు సామాను సర్దుకున్నాక తెలిసింది.

ప్లాస్టిక్ కిట్ల విషయానికొస్తే, కిట్ పెట్టె తెరిచినప్పుడు కలిగే ఆనందం లోహంలో లేదు, ఒప్పుకుంటాను. జపాన్‌లో షిజువోకాలోని టమియా కంపెనీవాళ్ల కిట్లలో ముక్కలు అంటించకముందే కుదురుకుంటాయి. వాళ్ల పలచటి జిగురు రెండు ముక్కల సందులోకి తనంతట తానే పాకుతుంది. అది అంటించడం కాదు, ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేయడం. అందుకే వేలి ముద్ర పడిందా, బాడీ మీద శాశ్వతంగా ఉంటుంది. నేను వదిలేసిన నాలుగు కిట్లలో రెండింటికి కారణం నా బొటనవేలే. ఒకటి పెట్టెలోనే పోయింది. మెత్తటి వినైల్ టైర్లు బాడీకి తగిలి ఏళ్ల తరబడి ఉంటే, టైర్లలోని నూనె లాంటి పదార్థం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పాత కిట్ కొంటే ముందు టైర్లు తీసి వేరే కవర్లో వేయండి.

నాన్న కోసం 2019లో ఒక ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మ తెచ్చి, తెల్ల రంగు వేద్దామనుకున్నాను. లోహం అలవాటులో ఎన్‌సీ రంగే దట్టంగా కొట్టేశాను. థిన్నర్ ప్లాస్టిక్‌ను కొరికేసి, బానెట్ అంతా పొక్కులు లేచింది. నాన్న కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏందిరా, బండికి అమ్మవారు పోసిందా?" అన్నారు. రెండో బొమ్మకు బుద్ధిగా ప్రైమర్ మంచులా నాలుగు విడతలు చల్లి, నీళ్లతో కలిసే యాక్రిలిక్ వేశాను. నాన్న బండి మార్క్ 2, గళ్ల గ్రిల్లుది, 1962లో వచ్చిన రకం. ఆ గళ్ల కోసం స్టీలు టీ జల్లెడ కోసి అమర్చాను. ఈసారి మెచ్చుకుంటారనుకుంటే, లోపలికి తొంగి చూసి, "స్టీరింగ్ కింద గేరు కర్ర ఏదిరా? చెయ్యి దేని మీద పెట్టుకుని నడపాలి?" అన్నారు. గుండుసూది వంచి పెట్టాను. అప్పుడు గాని టీవీ పక్కన పెట్టుకోలేదు.

క్రోమ్ మెరుపు అందరికీ ఒక తలనొప్పి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ మందం, వంపుల్లో కూర్చోదు. దీనికోసమే అమ్మే బేర్ మెటల్ ఫాయిల్ చాలా బాగుంటుంది. లిక్విడ్ క్రోమ్ పెన్ను కూడా మంచిదే, కాకపోతే పూశాక రెండు రోజులు ముట్టుకోకూడదు. నా సొంత ప్రయోగం వేరే ఉంది: పాతబస్తీలో మిఠాయిల మీదికి కొట్టే వెండి వరఖు. వార్నిష్ పూసి, కాస్త జిగటగా ఆరాక బంపర్ మీద వరఖు పరిచి, దూదితో అద్దాను. అచ్చం అసలు క్రోమ్! నాలుగు నెలలు వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఐదో నెలకు నల్లబడింది. వెండి కదా మరి. పైన క్లియర్ కోటు వేసుంటే ఆగేదేమో, ఈసారి వేసి చూడాలి.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాళ్ల 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, పసుపు రంగుది, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఎర్రగడ్డలో దొరికిన నా మొదటి బొమ్మ కూడా మ్యాచ్‌బాక్స్ వాళ్ల యెస్టర్‌ఇయర్ వరసలోని 1912 రోల్స్ రాయిసే. బాడీ ఆకారం కలవదు, అయినా ఆ పసుపే వేశాను. షేడ్ కుదరడానికి ప్యాలెస్‌కు మూడుసార్లు టికెట్ కొన్నాను. ఊడిన చక్రం ఇంగ్లండ్‌లో పాత బొమ్మల విడిభాగాలు చేసే ఒకాయన దగ్గర దొరికింది. చక్రం ధర కన్నా పోస్టేజీ నాలుగింతలు.

అలమారలో నేను రంగు జోలికి పోని కారు ఒక్కటే, డింకీ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అసలు కారు మన దగ్గర హిందుస్థాన్ 14 పేరుతో తయారైంది, అంబాసిడర్‌కు పెద్దన్న లాంటిది. లివర్‌పూల్‌లో డింకీ వాళ్ల బిన్స్ రోడ్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది కాబట్టి అలాంటి రంగు పొర మళ్ళీ ఎవరూ వేయరు. అంచుల్లో రంగు లేచిపోయింది, ఒక టైరు ఎండి పగిలింది. టైరు మాత్రం మార్చాను. పాత రంగు కాస్తో కూస్తో మిగిలుంటే రిపేర్ చేయకపోవడమే మేలని ఈమధ్య అనిపిస్తోంది. మొదటి ఐదేళ్లలో నేను ఉత్సాహంగా గీకేసిన వాటిలో కనీసం నాలుగు అలా వదిలేయాల్సినవే.

అమ్మితే ఎంతొస్తుందని చాలామంది అడుగుతారు. రంగు మార్చిన కారుకు పాత బొమ్మలు సేకరించేవాళ్ల దగ్గర విలువ ఉండదు. నేను అమ్మింది ఒక్కటే, 700 వచ్చింది. దానికి రంగు, టైర్లు, స్టిక్కర్లు కలిపి 1,100 పెట్టాను. కొన్నాయన ఫోన్ చేసి, వాళ్ల అబ్బాయి నేల మీద తోస్తే ముందు చక్రం ఊడిందని చెప్పాడు. స్క్రూ వేసినదే కదా, పంపండి, బిగించి ఇస్తానన్నాను. పోస్టేజీ నాదే.