బాక్ డాంగ్ నది: ఆటు వేళ చూసుకుని వెళ్లండి

హనోయ్ నుంచి హాలాంగ్ బే వెళ్లే టూరిస్టు బస్సులు బాక్ డాంగ్ వంతెన మీదుగా పోతాయి. కిందటిసారి అక్కడికి వచ్చేసరికి బస్సులో సగం మంది నిద్ర, నాతో సహా. ఈసారి ఆ నది కోసమే రెండు రోజులు పెట్టుకున్నాను.

938లో వియత్నాం సేనాని న్గో క్వెన్ ఈ నదిలో కొనలకు ఇనుప తొడుగులు వేసిన దుంగలు పాతించాడు. పోటు మీద అవి కనపడవు. చిన్న పడవలతో ఎదురెళ్లి, ఓడిపోయి పారిపోతున్నట్టు నటిస్తూ చైనా నుంచి వచ్చిన దక్షిణ హాన్ రాజ్యపు నౌకలను లోపలికి లాక్కొచ్చాడు. నీళ్లు తీసేసరికి పెద్ద ఓడలన్నీ దుంగల మీద ఇరుక్కున్నాయి. దండెత్తి వచ్చిన రాకుమారుడు అక్కడే చచ్చాడు. సుమారు వెయ్యేళ్ల చైనా పెత్తనం అలా పోయింది. 1288లో వియత్నాం సేనాపతి ట్రాన్ హుంగ్ దావో మంగోలు నౌకాదళం మీద ఇదే ఎత్తు వేశాడు. ఓరుగల్లులో రుద్రమదేవి చివరి రోజులవి.

ముందు హనోయ్‌లో జాతీయ చరిత్ర మ్యూజియం చూడండి. అసలు దుంగలు దగ్గర్నుంచి కనిపిస్తాయి. గంట చాలు.

బసకి హైఫాంగ్ నయం. హనోయ్ నుంచి రైల్లో రెండున్నర గంటలు. నేను దిగిన హోటల్లో ‘నది కనిపించే గది’ కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ! అడిగితే మారు మాట్లాడకుండా గది మార్చారు, అది మెచ్చుకోవాలి. తిండికొస్తే పీతల పులుసులో వేసిచ్చే ఎర్ర నూడుల్స్, బాన్ దా కువా, వదలొద్దు. వెజ్ వాళ్లు ‘చాయ్’ అనే మాట గుర్తుపెట్టుకోండి. అక్కడ చాయ్ అంటే టీ కాదు, శాకాహారం.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. ట్రాంగ్ కెన్ స్మారక స్థలానికి పొద్దున తొమ్మిదికి వెళ్లాను. న్గో క్వెన్, చైనా సోంగ్ సేనతో పోరాడిన రాజు లే హోన్, ట్రాన్ హుంగ్ దావోల పెద్ద విగ్రహాలు నది ఒడ్డున బాగానే ఉన్నాయి. కానీ ఒడ్డున నమూనాగా పాతిన దుంగలు చూద్దామంటే నిండు పోటు, ఎర్రమట్టి నీళ్లు తప్ప ఏమీ లేవు. మన కాకినాడలోలాగా ఇక్కడ రోజుకు రెండు పోట్లు రావు, ఒక్కటే. అంటే నీళ్లు తీయాలంటే చాలా గంటలు కాచుకోవాలి. ఆటు వేళలు ముందే నెట్‌లో చూసుకోండి. నిజానికి ఆ హాన్ రాకుమారుడి పరిస్థితి నాకు అప్పుడే బోధపడింది.

నాకు నచ్చింది మాత్రం అవతలి ఒడ్డున, క్వాంగ్ యెన్‌లోని యెన్ జాంగ్ దుంగల మడుగు. హంగామా ఏమీ లేదు. గట్టు, కంచె, మధ్యలో పాచి పట్టిన నీళ్లు, వాటిలోంచి పక్కకు ఒరిగిన నల్లటి మొద్దులు. ఇవి 1288 నాటివి, 938వి అనుకుని వెళ్లొద్దు. దగ్గర్లోనే వువా బా గుడి ఉంది. రేవు దగ్గర టీ అమ్ముకునే ఒకావిడ ట్రాన్ హుంగ్ దావోకి ఆటుపోట్ల లెక్క చెప్పిందట, ఆవిడకే ఆ గుడి. సేనాపతి విగ్రహాల కన్నా నాకు ఈ గుడే ఎక్కువ నచ్చింది.

ఒక్క సంగతి. క్వాంగ్ యెన్ వెళ్లేటప్పుడు యాప్‌లో కారు వెంటనే దొరికింది, తిరిగొచ్చేటప్పుడు గంటన్నర ఎండలో నిలబడ్డాం. వెయిటింగ్‌తో కలిపి ముందే మాట్లాడుకోండి.