కాంట్రాక్టరుకు ఇవ్వాల్సింది పీడీఎఫ్‌నా, ఆటోక్యాడ్ ఫైలునా?

నెల్లూరులో ఇల్లు మొదలుపెట్టగానే కాంట్రాక్టరు ఆర్కిటెక్టును ఆటోక్యాడ్ ఫైలు, అంటే కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫైలు, అడుగుతాడు. అడగడంలో తప్పు లేదు. డీడబ్ల్యూజీ అనే ఆ ఫైలు చేతిలో ఉంటే గోడల పొడవు, స్లాబు వైశాల్యం కంప్యూటర్ మీదే తేలిపోతాయి. ఇటుక, కాంక్రీటు లెక్కలు త్వరగా పూర్తవుతాయి. పీడీఎఫ్ ఇస్తే గోడలన్నీ మళ్లీ కొలుచుకోవాలి, లేదా గీసుకోవాలి, అక్కడా పొరపాట్లు దొర్లుతాయి.

అయినా నా మొగ్గు పీడీఎఫ్‌కే. గది విశాలంగా కనిపించాలని సైటులో ఎవరైనా 230 మిల్లీమీటర్ల స్తంభాన్ని ఒక అడుగు పక్కకు జరిపితే డీడబ్ల్యూజీ ఫైలులో ఆ మార్పు ఎవరి కంటా పడదు. పైనున్న దూలానికి ఆసరా తప్పుతుంది. ప్లాను మూలన వివరాలు రాసే టైటిల్ బ్లాకులో మాత్రం ఆర్కిటెక్టు పేరు అలాగే ఉంటుంది! 1967లో భూకంపం వచ్చిన ఒంగోలు ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పీడీఎఫ్‌నూ మార్చవచ్చు, నిజమే. డిజిటల్ సంతకం ఉంటే ఆ మార్పు బయటపడుతుంది.

డిజైను దొంగిలిస్తారన్న భయం నా దృష్టిలో రెండో విషయం. 1957 కాపీరైట్ చట్టం ప్లాన్లకూ రక్షణ ఇస్తుంది. ఫైలు ఇచ్చినంత మాత్రాన హక్కు పోదు.

కొలతల కోసం తప్పదంటే డీడబ్ల్యూజీ కూడా ఇవ్వండి. రివిజన్ నంబరు (ఎన్నో సవరణో చెప్పే అంకె), తేదీ వేసి, సైటులో పనికి సంతకం ఉన్న పీడీఎఫే ప్రామాణికమని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి.