ఆరేళ్లుగా టాపెట్లు నేనే సెట్ చేసుకుంటున్నా, ఈ ఫీలర్ గేజ్ సెట్ గురించి

టాపెట్లు సెట్ చేయడమంటే వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాప్ సరిచేయడం. వంపు ఉన్న ఫీలర్ గేజ్ సెట్ (ఆ గ్యాప్ కొలిచే పలుచటి బ్లేడ్లు), టాపెట్ స్క్రూ తిప్పే చిన్న కీ, ఈ రెండూ కొని ఆరేళ్లు దాటింది. నా బండి సింగిల్ సిలిండర్, రెండు వాల్వులు, స్క్రూ-లాక్‌నట్ టైపు. స్క్రూ బదులు షిమ్‌లు (గ్యాప్ సరిచేసే చిన్న బిళ్లలు) ఉండే ఇంజిన్ అయితే కొలవడం వరకే ఈ సెట్ పనికొస్తుంది, మార్చాలంటే చాలావాటికి వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్టే బయటికి తీయాలి, ఆ పని నేనెప్పుడూ చేయలేదు.

ముందు తిన్నగా ఉండే సెట్ వాడేవాణ్ణి. ఫ్రేమ్ అడ్డం, చెయ్యి దూరదు, బ్లేడు ఏటవాలుగా వెళ్లి అక్కడే పట్టేస్తుంది, మనమేమో గ్యాప్ తగ్గిందనుకుంటాం. కొసన వంపు ఉన్నది తీసుకున్నాక ఆ గోల సగం పోయింది.

ఇక బ్లేడు లాగేటప్పుడు చేతికి తెలిసే పట్టు. "బిగుతుగా కదలాలి, ఇరుక్కోకూడదు" అని ఎవరైనా చెప్తారు, ఎంత బిగుతో ఎవరూ చెప్పరు. బ్లేడుకి చుక్క ఆయిల్ రాసి లాగితే లావు పుస్తకం కింద ఉన్న కాగితాన్ని లాగినట్టు ఉండాలి, నాకైతే అలా కుదిరింది. అయినా చేతిని పూర్తిగా నమ్మను. మాన్యువల్‌లో 0.10 మి.మీ. అని ఉంటే 0.09 సాఫీగా వెళ్లాలి, 0.11 దూరకూడదు, అంతే. కానీ ఈ సెట్‌లో 0.10 తర్వాత నేరుగా 0.15 ఉంది, 0.11 కావాలంటే 0.05, 0.06 రెండూ తుడిచి జత చేసి పెట్టాలి, ప్రతిసారీ ఇక్కడే విసుగొస్తుంది.

లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరిగిపోతుంది. కీతో గట్టిగా పట్టుకుని బిగించి, మళ్లీ కొలవాల్సిందే. మొదటిసారి ఒక్క ఎగ్జాస్ట్ వాల్వుకే నాలుగుసార్లు విప్పి బిగించా.

పెద్ద తప్పు మాత్రం రెండోసారి చేశా. టీ మార్క్ (పిస్టన్ పూర్తిగా పైన ఉందని చెప్పే గుర్తు) కలిసింది కదా అని మొదలుపెట్టేశా, అది కంప్రెషన్ స్ట్రోక్ కాదు, ఎగ్జాస్ట్ అయిపోయి ఇన్‌టేక్ మొదలయ్యే చోటు, అక్కడ రెండు వాల్వులూ కాస్త తెరుచుకునే ఉంటాయి. గ్యాప్ సున్నా కనిపించేసరికి కంగారుపడి స్క్రూలు వదులు చేసేశా. స్టార్ట్ చేస్తే రేకుల మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడు! అప్పట్నించి స్పార్క్ ప్లగ్ తీసేసి (క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది) మార్క్ దగ్గర రెండు రాకర్లనీ వేలితో ఆడించి చూస్తా. రెండూ కాస్త ఆడాలి, ఆడకపోతే ఇంకో రౌండ్ తిప్పాలి. పక్కనే ఉండే ఎఫ్ మార్క్ ఇగ్నిషన్‌ది, దాన్ని చూసి ఆగొద్దు. మార్క్ దాటిపోతే వెనక్కి తిప్పను, మళ్లీ రెండు రౌండ్లు ముందుకే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రంతా ఆపేసిన బండిని పొద్దున్నే చూడటం మేలు.

టిక్ టిక్ సౌండ్ వస్తే జనం భయపడతారు గానీ నాకు నిశ్శబ్దమే భయం. గ్యాప్ ఎక్కువైతే చప్పుడు చేసి చెప్తుంది, తక్కువైతే చెప్పదు. వాల్వ్ తన సీటు (మూసుకున్నప్పుడు ఆనే అంచు) మీద పూర్తిగా కూర్చోదు, వాల్వ్‌లోని వేడి ఎక్కువగా సీటు ద్వారానే పోవాలి కాబట్టి అది అలా కాలిపోతూ ఉంటుంది, కంప్రెషన్ కూడా తగ్గుతుంది. నా నోట్‌బుక్‌లో ఆరేళ్ల లెక్కలున్నాయి, ఇన్‌టేక్ దాదాపు కదల్లేదు, తగ్గిందల్లా ఎగ్జాస్టే. పొద్దున్నే స్టార్టింగ్ మొరాయించిన ఒకసారి కార్బురేటర్ మీద అనుమానంతో రెండ్రోజులు వేస్ట్ చేశా, తీరా చూస్తే ఎగ్జాస్ట్‌లో 0.05 కూడా దూరలేదు.

సెట్ పరిస్థితి ఇప్పుడు: 0.05 బ్లేడు కొస ముడతపడింది, రెండిటి మీద అంకెలు చెరిగిపోయాయి, ఆయిల్ రాయకుండా పెట్టినందుకు ఒకదానికి తుప్పు. కీ మాత్రం కొత్తదానిలాగే ఉంది. మొదలుపెట్టే ముందు టాపెట్ మూతల ఓ-రింగులు కొత్తవి దగ్గర పెట్టుకోండి, పాతవే వేసి మూసేసి వారం రోజులు ఇంజిన్ మీద ఆయిల్ తుడుచుకుంటూ తిరిగా.