సాఫ్ట్‌నర్ పెట్టి నాలుగేళ్లు: ఉప్పు తొట్టి చేసిన మోసం

బోరు నీళ్ల కాఠిన్యం తీసే మిషన్ ఈ వాటర్ సాఫ్ట్‌నర్. పెట్టించిన కొత్తలో కనిపించిన వాళ్లందరికీ కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడెవరైనా అడిగితే ముందు ఉప్పు తొట్టి సంగతి చెబుతున్నా.

కిందటి వానాకాలంలో స్టీలు చెంబుల మీద మళ్లీ తెల్ల మచ్చలు మొదలయ్యాయి. షాంపూకి నురగ లేదు. తొట్టి మూత తీస్తే ఉప్పు సగానికి పైనే కనిపించింది. సర్వీసు అబ్బాయి వచ్చి రెసిన్, అంటే లోపల కాఠిన్యాన్ని పట్టుకునే గుళికలు, పోయిందన్నాడు. మార్చడానికి అతను చెప్పిన రేటు విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 'చూడండి సార్, లోపలికెళ్లే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ టీడీఎస్ ఒకటే' అని మీటరు ముంచి మరీ చూపించాడు.

నాకు అక్కడే అనుమానం తగిలింది. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం. రెసిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతాయి, అంతే. ఒక్క కాల్షియం అయాన్‌కి రెండు సోడియం అయాన్లు. బాగా పనిచేసే మిషన్‌లోనూ టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది. ఆ మీటరుతో ఏమీ తేలదు. కాఠిన్యం పోయిందో లేదో రంగుతో చెప్పే చుక్కల కిట్ తెచ్చి చూశాను. నీలం రావాల్సిన నీళ్లు గులాబీ రంగులో ఉండిపోయాయి.

విసుగొచ్చి బూజు కర్రతో ఉప్పును పొడిచాను. టప్పున పగిలింది, కర్ర మూరెడు లోపలికి దిగింది. కింద అంతా డొల్ల! తేమకి ఉప్పు పైన అట్టకట్టింది, అడుగునున్న నీళ్లకు తగలడమే లేదు. మిషన్ మాత్రం రాత్రి రెండింటికి తన పాటికి తాను ఉత్త నీళ్లతో రీజనరేషన్ (తొట్టిలోని ఉప్పునీళ్లతో రెసిన్‌ని కడిగి మళ్లీ సిద్ధం చేసే పని) చేసుకుంటూ ఉంది. ఉప్పునీళ్లు పోటెత్తితే గానీ రెసిన్‌ని కాల్షియం వదలదు. గడ్డలు చితక్కొట్టి, రెండుసార్లు వరసగా రీజనరేషన్ నడిపాను. మర్నాడు చుక్కలు నీలం. రూపాయి ఖర్చు లేదు.

నాలుగేళ్లలో గీజర్ కాయిల్ మార్చలేదు, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతా. జుట్టు రాలడం ఆగిందని మా ఆవిడతో వాదించాను గానీ, ఆగలేదు. కందిపప్పు త్వరగా మెత్తబడుతోందని సంబరపడ్డాం, కానీ నాన్నకు బీపీ. లీటరుకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యం తీస్తే సుమారు 275 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. అందుకే తాగడానికీ వంటకీ క్యాన్ నీళ్లు, కరివేపాకు మొక్కకి మామూలు బోరు నీళ్లు.

మియాపూర్ దాటాక మాకు బోరే దిక్కు, ఇల్లు సొంతం, కర్రతో పొడిచే ఓపికా ఉంది. అద్దె ఇంట్లో ఉంటే కొనేవాణ్ని కాదేమో. మా వీధిలో మంజీరా పైపు కోసం తవ్వుతున్నారు. ఆ నీళ్లొస్తే దీన్ని అమ్మేసినా అమ్మేస్తా.